దర్వాజ కూడా కదిలిన ఫోటో

మా ఊరిని మాకే చూపించడానికి నేనొక గైడును పెట్టుకున్నానంటే వాడకట్టంతా నవ్వింది. నవ్వనీ. నిజామాబాద్‌లో పుట్టి, నిజామాబాద్‌లోనే పెళ్లాడి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషిని నేను. ఖిల్లా ఎటుంది, గంజ్ బజారు ఎటుంది, పసుపు మార్కెట్‌కు ఏ గల్లీలోంచి పోవాలి, అన్నీ కళ్లు మూసుకుని చెప్తాను. ఆ గైడేమో హైదరాబాద్ మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి, మెడలో రెండు కెమెరాలు, సొంత కారు. పాత ఊళ్లలో తిప్పుతూ ఫోటోలు తీయడం నేర్పిస్తాడట, ఒక రోజంతా ఒక్క కుటుంబానికే. మా అక్క కూతురు ఫోనులో ఆ ప్రకటన చూపించిన రోజే నేను మాట్లాడి పెట్టుకున్నాను.

నాకు ఊరు చూడాలనీ లేదు, ఫోటోలు నేర్చుకోవాలనీ లేదు. నా భర్త మళ్లీ కెమెరా పట్టాలి, అంతే.

ఆయన ఫోటోగ్రాఫరు. బస్టాండు వెనక గల్లీలో ఆయన స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, చావులు, అన్నిటికీ ఆయనే. మా మెథడిస్టు కుటుంబాల్లో ఎవరు పోయినా శవపెట్టె మూసేముందు ఇంటివాళ్లంతా చుట్టూ నిలబడి ఫోటో దిగుతారు. ఏడుస్తున్న వాళ్ల చేత కూడా కళ్లు తుడిపించి, వరసగా నిలబెట్టి, "జర ఇటు సూడుండ్రి" అని తీసేవాడు. రెండేళ్ల కింద ఆయనకు పక్షవాతం తగిలి కుడిచెయ్యి పడిపోయింది. దేవుడి దయ, మందులు, నా అరుపులు కలిసి చెయ్యి తిరిగొచ్చింది. ఇప్పుడు అన్నం కలుపుకుంటాడు, గడ్డం గీసుకుంటాడు, స్కూటర్ నడుపుతాడు. కెమెరా పట్టుకుంటే మాత్రం ఆ చెయ్యి వణుకుతుంది. ఒకసారి పట్టుకుని చూశాడు, వణికింది, బీరువాలో పెట్టేశాడు.

డాక్టరు నాతోనే చెప్పాడు. "ఏ పని చేస్తే వణుకుతుందో ఆ పనే చేయించాలమ్మా. భయపడి మానేస్తే ఇప్పుడున్న పట్టు కూడా పోతుంది." నేను ఆ మాట ఇంటికొచ్చి పొద్దున చెప్పాను, సాయంత్రం చెప్పాను, బతిమాలాను, తిట్టాను. గోడకు చెప్పినట్టే. "రేపు సూద్దాం తియ్యి," అనేవాడు. ఆ రేపు రాకుండానే స్టూడియో ఖాళీ చేశాం. ఇప్పుడక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఆ గల్లీలోంచి పోవలసి వస్తే ఆయన స్కూటర్ చుట్టు తిప్పుకుని పోతాడు.

అందుకని నేనే నేర్చుకుంటానని బయలుదేరాను. నా లెక్క చాలా చక్కగా ఉంది. ఆయన కెమెరా నా చేతిలో ఉంటుంది. నేను తలకాయలు తెగిపోయేట్టు, ఆకాశం వంకరపోయేట్టు తీస్తాను. మధ్యాహ్నం కాకముందే ఆయనకు ఒళ్లు మండి, నా చేతిలోంచి గుంజుకుంటాడు. ఇంకేం కావాలి?

"నువ్వు నేర్సుకుంటవా?" అన్నాడు, కెమెరా మెడలో వేసుకున్న నన్ను చూసి.

"ఎందుకు, నాకు కండ్లు లెవ్వా?"

"కెమెరా పైలం," అని వెంట వచ్చాడు. నామీద ప్రేమతో కాదు, ఆ కెమెరాను నా చేతుల్లో ఒంటరిగా వదలలేక.

పొద్దున్నే ఖిల్లా ఎక్కాం. గైడు ప్రతి మెట్టు దగ్గరా ఆగి "ఆంటీ, ఈ టెక్స్చర్ చూడండి," అంటాడు. నాకు మోకాళ్ల నొప్పులు. పైకి చేరేసరికి ఊపిరాడక ఒక రాయి మీద చతికిలబడి, కూర్చున్న చోటి నుంచే ఒక ఫోటో కొట్టాను. అందులో సగం నా చెప్పు, సగం గోడ. గైడు అది చూసి, "వావ్ ఆంటీ, పర్స్పెక్టివ్ చాలా డిఫరెంట్‌గా ఉంది!" అన్నాడు.

నేను నా భర్త ముఖం వైపు చూశాను. ఆయన దవడ బిగుసుకుంది. మంచిదే, పని మొదలైంది అనుకున్నాను. ఇంకొకటి తీశాను, ఊరంతా ఒక పక్కకు ఒరిగిపోయింది. "సూపర్," అన్నాడు గైడు. ఇదేం మనిషిరా దేవుడా అని నెత్తి కొట్టుకున్నాను. నేను చెడగొడుతుంటే తప్పు పట్టాలి గదా, తప్పు పడితే గదా ఈయనకు రోషం వచ్చేది! వాడు పొగిడిన కొద్దీ నా భర్త నోరు మూతపడింది. మాట్లాడకుండా బురుజు మీదికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని, కింద రైలు కట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు.

పసుపు మార్కెట్‌లోనూ అంతే. అక్కడ పసుపు కుప్పల మధ్య హమాలీలు నేను ఫోటో తీస్తుంటే నిటారుగా నిలబడి, చొక్కాలు సర్దుకుని, నా వైపు చూశారు. మా దగ్గర ఎవరైనా అట్లాగే నిలబడతారు. గైడు గాభరా పడిపోయాడు. "చూడొద్దు, చూడొద్దు, కెమెరా వైపు చూడొద్దు, మీ పని మీరు చేసుకోండి, నేచురల్‌గా!" అని చేతులూపాడు. వాళ్లకు ఏమీ అర్థం కాలేదు. "ఫోటో తీస్తమంటివి, మల్ల సూడొద్దంటవేంది?" అని ఒకాయన చిరాకు పడి బస్తా ఎత్తుకుని పోయాడు. నా భర్త పెదవి కొంచెం కదిలింది. నవ్వాడో, తిట్టుకున్నాడో తెలియదు. కెమెరాను ఆయన వైపు చాపి, "ఒక్కటి దియ్యరాదూ?" అన్నాను మెల్లగా. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

అక్కడి నుంచి బోధన్. కారులో గైడు ఫోను చూసుకుంటూ చెరుకు తోటల మీద పొద్దుటి మంచు, ఎడ్ల బండ్లు అని ఏవేవో చెప్పుకుంటూ వచ్చాడు. ఎడపల్లి దాటాక కారు మెల్లగా చేసి, "అంకుల్, చెరుకు ఎక్కడ ఉంటుంది?" అని అడిగాడు.

"సక్కెర ఫ్యాక్టరీ బందైనంక చెరుకు ఎవలేస్తున్నరు? అంత వరి పొలాలే," అన్నాడు నా భర్త.

"మరి షుగర్ బెల్ట్ అంటారు కదా?"

"అంటరు."

నాకు కడుపు రగిలిపోయింది. దారి మేమే చెప్పాలి, చెరుకు మేమే వెతకాలి, ఏ హోటల్లో టిఫిన్ బాగుంటుందో మేమే చెప్పాలి. ఇంక ఇతను చూపించేదేమిటి? వర్ని వైపు ఎక్కడో కొంచెం చెరుకు ఉందని నా భర్త చెబితే, "వద్దులే అంకుల్, ఫ్యాక్టరీ చిమ్నీ చాలు, ఆ తర్వాత బీడీ చుట్టే ఒక అవ్వ ఇంటికి తీసుకెళ్తాను, అది ఈ టూరులో హైలైట్," అన్నాడు. చిమ్నీని దూరం నుంచి నేను ఎన్నిసార్లు తీసినా పైకొస తెగిపోయింది. అప్పుడు మాత్రం నేను కావాలని చెడగొట్టలేదు, నాకు నిజంగానే రాలేదు. అది నాకు ఇంకా మండింది.

బీడీలు చుట్టే ఆ అవ్వ ఇల్లు ఫ్యాక్టరీ క్వార్టర్లకు కొంచెం అవతల, రేకుల ఇల్లు. గైడు వారం ముందే వచ్చి, "ఫలానా రోజు ఫోటో తీయడానికి వస్తాం," అని చెప్పి పోయాడట. మేం పోయేసరికి అవ్వ గడప లోపల కుర్చీలో కూర్చుని ఉంది. ఇస్త్రీ మడతలు చెదరని తెల్ల చీర, నూనె రాసి దువ్విన తల, ఒళ్లో బైబిలు, దాని మీద పాటల పుస్తకం. బీడీల చాట, తంబాకు, తడిగుడ్డలో చుట్టిన తునికాకు, అన్నీ ఒక మూలకు నెట్టి వాటిమీద దుప్పటి కప్పేసింది.

గైడు ముఖం పాలిపోయింది. "అవ్వా, ఇదేంటి? రోజూ కట్టుకునే చీర కట్టుకో. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండు. మేం తీస్తాం."

"బీడీలు సుట్టుకుంట ఫోటో ఏంది బిడ్డా?" అంది అవ్వ. "గది పెట్టెకాడ పెడ్తరా?"

నాకు వెంటనే అర్థమైంది, నా భర్తకూ అర్థమైంది. ఫోటో తీయడానికి ముసలివాళ్ల ఇంటికి ఒక మనిషి వస్తున్నాడంటే మా వాళ్లు ఒక్కటే అనుకుంటారు. అది రేపు పోయినప్పుడు పెట్టె తలాపున పెట్టే ఫోటో, ఆ తర్వాత జ్ఞాపకార్థ కూడికలో ఫ్లెక్సీ మీదికి ఎక్కే ఫోటో. ముందుగా తీయించి పెట్టుకున్న వాళ్లు తెలివైన వాళ్లు. లేకపోతే ఏమవుతుందో అవ్వ గైడుకు విప్పి చెప్పింది.

"మా సెల్లె సచ్చిపోతె ఇంట్ల ఒక్క ఫోటో లేకపాయె. ఆధార్ కార్డుల బొమ్మను పెద్దగ జేయించి పెట్టిండ్రు. దయ్యం లెక్క ఉండె. ఎవలొచ్చినా గది సూసి జడుసుకునుడే. నాకు గట్ల గావద్దని యేసయ్యకు మొక్కుకున్న. మొక్కుకున్న వారానికే నువ్వొస్తివి."

గైడు నా వైపు చూశాడు, ఏదైనా చెప్పమన్నట్టు. "దేవుడు పంపిన మనిషివి అయినవు, ఇంగ తియ్యి," అన్నాను. గైడు తల గోక్కున్నాడు. ఇది పోర్ట్రెయిట్ అవుతుంది, లైఫ్ ఉండదు, అదనీ ఇదనీ మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తి కాకముందే నా వెనక నుంచి నా భర్త గొంతు వినిపించింది.

"కుర్సీ గడప కాడికి జరుపు. ఎలుగు ముఖం మీద పడాలె. ఎనుక గా దుప్పటి కట్టుండ్రి, రేకు కనవడొద్దు. అవ్వా, గద్దువ జర పైకి. గంత గాదు. గట్లనే ఉండు."

రెండేళ్లుగా వినని గొంతు అది. దుప్పటి నేనే కట్టాను, గైడు ఇంకో కొస పట్టుకున్నాడు. అవ్వ గడ్డం ఎంత ఎత్తాలో, కొంగు ఎక్కడ వదులుగా ఉందో, పుస్తకం ఏ వంపులో పెట్టుకోవాలో అన్నీ ఆయనే చెప్పాడు. అంతా అయ్యాక నేను కెమెరాను ఆయన చేతికి ఇవ్వబోయాను. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నువ్వే నొక్కు," అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. కుర్చీ వెయ్యడం వచ్చు, దుప్పటి కట్టించడం వచ్చు, ఒక్క వేలు కదపడం రాదట! అవ్వ ముందర గొడవెందుకని పళ్లు బిగపట్టి నేనే నొక్కాను. ఆ కోపంలో బటన్‌తో పాటు కెమెరాను కూడా నొక్కినట్టున్నాను. అవ్వ చల్లగా ఉండమని దీవించింది. ప్రింటు వేయించి పంపుతామని గైడు మాట ఇచ్చాడు. బయటపడ్డాం.

బోధన్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే గైడు ఆ ఫోటోను తెరమీద పెద్దది చేసి చూపించాడు. "ఆంటీ, ఇందులో ఒక మూవ్‌మెంట్ ఉంది. డ్రీమీగా వచ్చింది."

నా భర్త వంగి చూశాడు. కప్పు బల్ల మీద పెట్టేశాడు. "అవ్వ ముఖమేది?"

"అంకుల్, కొంచెం షేక్ అయింది, కానీ..."

"కొంచెమా? అవ్వ ఒక్కతే గాదు, దర్వాజ గూడ కదిలింది! అవ్వంటె ముసల్ది. దర్వాజకేమొచ్చింది?" నా వైపు తిరిగాడు. "గిట్ల తీస్తరా ఎవలన్న? గిది పెడ్తె ఆధార్ కార్డే నయం. పాపం గామె చీర కట్టుకోని, తల దువ్వుకోని, దేవునికి మొక్కుకోని కూసుంటె..."

"నా చెయ్యి వణికింది," అన్నాను. "అయితె ఏంది? నీ ఒక్కని చెయ్యే వణకాల్నా?"

మాట జారింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు మరాఠీలో ఏదో బేరం మాట్లాడుకుంటున్నారు. ఇంక జారిన మాట ఎట్లాగూ జారింది కదా అని మొత్తం అనేశాను. "నేను మల్ల ముట్ట గీ కెమెరాను. గామె రేపు సచ్చిపోతె గా మసక బొమ్మనే పెట్టుకుంటరు. పెట్టుకోనీ. నీకు రోషం లేకపోతె నేనేం జేస్త? డాక్టర్ చెప్పిండు, నేను చెప్పిన, నోరు నొప్పి పుట్టింది నాకు." కెమెరా తీసి బల్ల మీద ఆయన ముందు పెట్టాను. నాకు ఏడుపు వచ్చేట్టు ఉంది, దాన్ని ఆపుకోవడానికి ఇంకో చాయ్ చెప్పాను.

ఆ చాయ్ రాకముందే ఆయన లేచాడు. కెమెరా పట్టీ ఎడమచేతికి చుట్టుకుని, "బండి తిప్పు," అన్నాడు గైడుతో.

మేం తిరిగి పోయేసరికి అవ్వ తెల్లచీర విప్పి మడతపెట్టేసింది. పాత చీర కట్టుకుని, చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తోంది. మమ్మల్ని చూసి ముఖం చిట్లించింది. "మల్లేంది? ఏమన్న మర్సిపోయిండ్రా?"

"ఫోటో మంచిగ రాలే అవ్వా. ఇంకోటి తీస్త," అన్నాడు నా భర్త.

"మల్ల చీర కట్టాల్నా? తడిపిన ఆకు ఎండిపోతె పలుగుతది బిడ్డా, దినం పని పాడైతది."

ఆకు సంగతి నేను చూసుకుంటానన్నాను. అవ్వ సణుక్కుంటూ లోపలికి పోయి మళ్లీ తెల్లచీర కట్టుకొచ్చింది. కుర్చీ గడప దగ్గరికి వచ్చింది, దుప్పటి మళ్లీ కట్టాం. అప్పుడు ఆయన కెమెరా కంటి దగ్గరికి ఎత్తాడు. చెయ్యి వణికింది. మామూలుగా కాదు, ముందరి గుండ్రటి అద్దం అటూ ఇటూ ఊగడం అందరికీ కనిపిస్తోంది. గైడు చూపు పక్కకు తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను. ఇంటికొచ్చే చుట్టాలు, చర్చిలో వాళ్లు, రెండేళ్లుగా అందరూ అట్లాగే చూపు తిప్పుకున్నారు.

అవ్వ తిప్పుకోలేదు. "చెయ్యేంది గట్ల వణుకుతున్నది?"

ఆయన కెమెరా కొంచెం దించాడు. "పక్షవాతమొచ్చింది అవ్వా."

"నాకు తలకాయ వణుకుతది, సూస్తలేవా? నా తలకాయ, నీ చెయ్యి రెండు ఒక్క తీరు వణికితె సరిపాయె. తియ్యి, నా ఆకు ఎండుతున్నది."

ఆయన నవ్వాడు. మోచెయ్యి డొక్కకు ఆనించి, ఊపిరి బిగపట్టి, నొక్కాడు. చూసుకున్నాడు. "ఇంకోటి," అన్నాడు. మళ్లీ నొక్కాడు, చూసుకున్నాడు, "ఇంకోటి." మోకాలి మీద కూర్చున్నాడు, స్టూలు తెప్పించుకుని దానిమీద మోచేతులు పెట్టాడు. "ఇంకోటి అవ్వా, గద్దువ పైకి." ఎన్ని తీశాడో లెక్కలేదు. నేను ఆకు ఎండకుండా తడిగుడ్డ మీద నీళ్లు చల్లుతూ కూర్చున్నాను. అవ్వ కుర్చీలోంచి కదలకుండానే నామీద అరిచింది. "గంతగనం పోస్తవేంది? బూజు పడ్తది! ఆకు ఎన్నడన్న సూసినవా?"

"నాకేం తెలుసు? ఎండుతదంటివి, తడుపుతున్న! తడిపితె బూజంటివి! ఆయన ఇంకోటి ఇంకోటి అనవట్టె, నువ్వు నన్ను తిట్టవడ్తివి, నేను పొద్దుగాల ఏ ముఖం సూసి లేసిన్నో!"

అవ్వ పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడే ఆయన నొక్కాడు.

తెరమీద చూసి మొదట గైడు అరిచాడు. ఏ గీతా కదల్లేదు. దర్వాజ ఉన్న చోటే ఉంది. అవ్వ కంటి చుట్టూ ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేట్టు ఉన్నాయి. "అంకుల్, ఇది ఈ రోజుకే బెస్ట్ షాట్! క్యాండిడ్ అంటే ఇదే!" గైడు నిజంగానే చెప్తున్నాడు, పొద్దున నా చెప్పును పొగిడిన గొంతు కాదది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా భర్త మాత్రం నుదురు ముడిచి చూస్తున్నాడు.

"పనికిరాదు," అన్నాడు.

"ఎందుకు పనికిరాదు?" నేను దాదాపు ఏడ్చేశాను. "కదలలే గదా!"

"పెట్టెకాడ పెట్టే ఫోటోల గట్ల నవ్వుతరా?"

అవ్వ కూడా తెరలోకి తొంగి చూసి ఆయన పక్షమే చేరింది. "అయ్యో, పండ్లు లేని నోరు గంత తెరిసిన్నా! గిది పెడ్తె సావుకొచ్చినోల్లంత నవ్వుతరు. వద్దు బిడ్డా."

అప్పటికి పొద్దు వాలింది. గడప దగ్గర వెలుతురు తగ్గిపోయింది. ఇంక ఇవాళ్టికి కాదని ఆయనే తేల్చాడు. ఇద్దరినీ చెరొక చెంప వాయించాలన్నంత కోపం వచ్చింది నాకు. ఇంత చేసి, ఇంత తిరిగి, చేతిలోకి వచ్చిన ఫోటోను వద్దంటారా?

"వచ్చే ఆదివారం చర్చి అయినంక వస్త అవ్వా," అన్నాడు ఆయన. "పగటీలి ఎలుగు మంచిగుంటది."

అవ్వ కొంగు సర్దుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూసింది. "గప్పటిదాంక నేను సావొద్దా మరి?"

"సావొద్దు," అన్నాడు నా భర్త, స్టూడియోలో పిల్లల్ని గదమాయించినట్టు. "నేనొస్త. నేనే తీస్త."

నేను ఆ గడప మీదే కూలబడ్డాను. గైడు కారు తాళాలు తీసి, "ఆంటీ, లైట్ పోయింది, వెళ్దామా?" అన్నాడు.

"నువ్వు ఊకో అయ్యా," అన్నాను. "జర సేపు కూసోనియ్యి."